అమృతాంజనం సీసా నేర్పే పాఠం
(కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు జీవితం)



ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో మనం మహనీయుల జీవితాలు రాసుకుంటున్నాం. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, కొమురం భీం గురించి ఎన్నిసార్లు రాసుకున్నా తనివి తీరదు. ఈసారి మేము ఒక వ్యాపారి జీవితం రాయాలనుకున్నాం. వ్యాపారి గురించి మనకెందుకని కొందరు మిత్రులు అడిగారు. వాళ్లకు జవాబుగానే ఈ వ్యాసం.

మన హాస్టల్లో ఎవరిని అడిగినా టీచర్ అవుతాననో, పోలీసు అవుతాననో, గ్రూప్స్ రాస్తాననో చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఉద్యోగాలు కొన్ని, రాసేవాళ్లం వేలమంది. ఉద్యోగం రానివాళ్లు చాలామంది చిన్న షాపో, చిన్న కార్ఖానానో పెట్టుకుంటారు. పెట్టడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టి పెంచడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని ఎలా చేయాలో మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడదు. చేసి చూపించినవాళ్ల జీవితాల్లోనే వెతుక్కోవాలి.

అమృతాంజనం తెలియని ఇల్లు తెలుగునేల మీద ఉండదు. మన ట్రంకు పెట్టెల్లో సబ్బు, దువ్వెన పక్కన ఆ పచ్చటి మందు సీసా కూడా ఉంటుంది. దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మనిషి మన తెలుగువాడు. ఆయనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

బాల్యం, చదువు

నాగేశ్వరరావు గారు 1867లో కృష్ణా జిల్లాలో జన్మించారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. స్వగ్రామం ఎలకుర్రులోను, తర్వాత బందరులోను చదువుకున్నారు. ఆ పైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు.

ఒక నిజం ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన పుట్టిన కులానికి, కుటుంబానికి చదువు అందుబాటులో ఉంది. ఆ రోజుల్లో మన తాతముత్తాతలను బడి గడప కూడా తొక్కనివ్వలేదు. ఆయన మొదలుపెట్టిన చోటు, మనం మొదలుపెట్టే చోటు ఒకటి కావు. అయినా ఆయన పని చేసిన తీరులో మనం తీసుకోదగినవి చాలా ఉన్నాయి. దారి తెలిసినవాళ్లు ఎవరైనా సరే, వాళ్లను చూసి నేర్చుకోవడంలో చిన్నతనం లేదు.

ముందు నౌకరీ, తర్వాత సొంత దుకాణం

అప్పట్లో డిగ్రీ చదివినవాళ్లు చాలా తక్కువ. కోరుకుంటే సర్కారు కొలువు దొరికేది. ఆయన మనసు మాత్రం వ్యాపారం మీద ఉంది. కొన్నాళ్లు మద్రాసులో వ్యాపారం చేశారు. తర్వాత కలకత్తా వెళ్లి అక్కడ కొంతకాలం ఉండి వ్యాపారపు మెళకువలు తెలుసుకున్నారు. అక్కడి నుంచి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అనే సంస్థలో ఉద్యోగానికి కుదిరారు. అంచెలంచెలుగా ఎదిగి చివరకు ఆ కంపెనీకే యజమాని అయ్యారు.

బొంబాయి మనకు కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎన్ని తరాల మనుషులు బొంబాయి, భీవండి పోయి బతికారో మన ఇళ్లలో అందరికీ తెలుసు. మనవాళ్లు కూలికి పోయి చేతిపని నేర్చుకుని వచ్చారు. నాగేశ్వరరావు గారు పనితోపాటు సరుకు ఎక్కడ చవక, ఎవరికి ఏది అవసరం, లెక్క ఎలా రాయాలి అనేవి కూడా అక్కడ పట్టుకున్నారు. సొంత డబ్బు పెట్టకముందే మరొకరి దుకాణంలో పని నేర్చుకోవడం మొదటి పాఠం. ఇంటర్ అయిపోగానే అప్పు చేసి షాపు తెరిచే మన అన్నలకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది. కనీసం ఏడాది పాటు అదే రకం షాపులో పనిచేస్తే, మునగవలసిన డబ్బులో సగం మిగులుతుంది.

ఒకే ఒక్క సరుకు

1893లో ఆయన అమృతాంజనం తయారు చేయించి అమ్మకం మొదలుపెట్టారు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, జలుబు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. ధనవంతుడికీ ఉంటాయి, కూలిమనిషికీ ఉంటాయి. సీసా చిన్నది, పార్సెలులో దూరం పంపవచ్చు. పాలలాగా, కూరగాయలలాగా సాయంత్రానికి చెడిపోదు. అయిపోతే మళ్లీ కొంటారు. ఊరు దాటి పెరగాలనుకునే సరుకుకు ఉండవలసిన గుణాలన్నీ ఆ చిన్న సీసాలో ఉన్నాయి.

కొత్తలో దాన్ని ఎవరు నమ్ముతారు? అందుకే సంగీత కచేరీల్లో జనానికి ఉచితంగా పంచిపెట్టారు. ఈ పంచడంలో ఒక లెక్క ఉంది. నుదుటికి రాసుకున్న కొద్దిసేపటికే చల్లదనం, ఘాటు తెలుస్తాయి. మందు మంచిదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది. బాగుందనుకున్నవాడు నలుగురికి చెబుతాడు. ఫలితం వెంటనే కనబడే సరుకు, మళ్లీ మళ్లీ కొనే సరుకు అయితేనే ఇలా పంచడం గిట్టుబాటవుతుంది. పదేళ్లకోసారి కొనే బీరువాను పంచితే దివాళా తీయడమే.

ఆయన ఆ కచేరీల్లో పంచింది ఒకే మందు. దాని పేరు, రంగు, వాసన జనం మనసులో నాటుకుపోయాయి. చదువు రాని అవ్వ కూడా కిరాణం షాపులో ఆ సీసాను చూసి గుర్తుపడుతుంది. అక్కడ కొన్నా ఇక్కడ కొన్నా ఒకే మందు వస్తుందన్న నమ్మకం ఆ గుర్తుపట్టడంలోనే ఉంది.

మాలో ఒకరి ఊళ్లో జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. పదిమంది అమ్మలు కలిసి మామిడి తొక్కు పెట్టి అమ్మారు. మొదటి ఏడు గిరాకీ బాగా వచ్చింది. రెండో ఏడు పట్నం నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. సంబరపడి కారప్పొడులు, అప్పడాలు, మిఠాయిలు కూడా మొదలుపెట్టారు. ఒక్కో ఇంట్లో ఒక్కో రుచి వచ్చింది. సరుకు ఉద్దెర మీద పోయింది, డబ్బులు మాత్రం ఆర్నెల్లకు గానీ రాలేదు. ఈలోగా మిరపకాయలు, నూనె కొనడానికి వడ్డీకి తెచ్చారు. మూడో ఏడుకు సంఘం మూతపడింది. ఆ అమ్మల కష్టంలో లోపం లేదు. తొక్కు ఒక్కదాన్నే ఒకే కొలతతో పదిమందీ పెట్టి, డబ్బులు చేతికి వచ్చినంత మేరకే పెంచుకుంటూ పోయి ఉంటే ఈ రోజు నిలబడి ఉండేవారని మా నమ్మకం.

తొందరపడలేదు

నాగేశ్వరరావు గారి జీవితంలోని సంవత్సరాలను వరుసగా చూడండి. 1893లో అమృతాంజనం. 1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభకు వెళ్లినప్పుడు తెలుగువారికి ఒక మంచి పత్రిక కావాలన్న ఆలోచన కలిగింది. మరుసటి ఏడు 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. అంటే మందు మొదలైన 15 ఏళ్లకు గానీ అంత పెద్ద రెండో పనికి చేయి వేయలేదు. 1914లో మకాం మద్రాసుకు మార్చి ఆంధ్రపత్రికను దినపత్రిక చేశారు. అమృతాంజనం ముఖ్య కార్యాలయం కూడా ఆ ఏడే మద్రాసు చేరింది. 1936లో అమృతాంజన్ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. మొదలుపెట్టిన నాటికీ దానికీ మధ్య 43 ఏళ్లు!

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచి ఇంటికి దగ్గరగా వచ్చారు. బొంబాయిలో మార్కెట్టు నేర్చుకుని, తన భాష మాట్లాడే జనం ఎక్కువగా ఉన్న చోటుకు చేరుకున్నారు.

మందు మీద వచ్చిన లాభం పత్రికను నిలబెట్టింది. పత్రికలో వచ్చే ప్రకటనలు మందు పేరును ఊరూరికీ చేర్చాయి. రెండో పని మొదటి పనికి తోడుగా ఉండాలన్నది ఇందులో పాఠం. చేతిలో నాలుగు రూపాయలు ఆడగానే సంబంధం లేని వ్యాపారంలో పెట్టి రెండూ పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు.

లాభం ఎటు పోయింది?

వ్యాపారంలో వచ్చిన డబ్బును ఆయన దాచుకోలేదు. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక ప్రారంభించారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల స్థాపించి మంచి పుస్తకాలు అచ్చువేయించారు. గ్రంథాలయాలకు అండగా నిలిచారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. ప్రజలు దేశోద్ధారక అని పిలుచుకున్నారు. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. 1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు.

ఆయన పోయాక పని ఆగలేదు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల బాధ్యత, కంపెనీ బాధ్యత తీసుకున్నారు. చనిపోవడానికి రెండేళ్ల ముందే వ్యాపారం ఒక మనిషి చేతి నుంచి కంపెనీగా మారి ఉండడం ఎంత ముందుచూపో ఆలోచించండి. మన దగ్గర బాపు మంచాన పడితే షాపు మూతపడుతుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఎంత రావాలో ఆయన తలలోనే ఉంటుంది. కాగితం మీద లెక్క లేని వ్యాపారం ఆ మనిషితోనే పోతుంది.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం మాత్రం 130 ఏళ్లు దాటినా కిరాణం షాపుల్లో దొరుకుతూనే ఉంది. చెన్నైలో ఉన్న ఆ కంపెనీ ఇప్పుడు ఆడపిల్లలకు కావలసిన శానిటరీ న్యాప్‌కిన్లు కూడా చేస్తోంది. పేరు ఒకటే అయినా, కాలానికి తగినట్టు సరుకు చేర్చుకుంటూ వచ్చింది.

మన నేల మీద కూడా

ఇదంతా ఎక్కడో మద్రాసు, బొంబాయిల సంగతి అనుకోవద్దు. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో రైతులు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు ఇవ్వడం, ఎరువులు, విత్తనాలు ఇవ్వడం, పండిన పంట కొని అమ్మిపెట్టడం ఒకే గొలుసుగా కలిపారు. పంట సంఘం ద్వారానే అమ్ముడవుతుంది కాబట్టి ఇచ్చిన అప్పు తిరిగి వస్తుంది. అదే ముల్కనూరులో 2000లో మహిళలు సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో బాగా వేళ్లూనుకోవడమే వాళ్ల బలం.

నిర్మల్ కొయ్యబొమ్మలకు, కరీంనగర్ వెండి తీగ పనికి, సిరిసిల్ల మగ్గాలకు పనితనంలో లోటు లేదు. కానీ చాలాచోట్ల చేసేవాడి పేరు కొనేవాడికి తెలియదు. మధ్యలో ఉన్నవాడి పేరే తెలుస్తుంది. అందుకే సరుకు పెరిగినా చేసేవాడు పెరగడు. నాగేశ్వరరావు గారు మందుతోపాటు దాని పేరును కూడా తన చేతిలోనే పెట్టుకున్నారు. మొత్తం కథలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించిన సంగతి ఇదే.

మనకు ఇంకో అడ్డు ఉంది. మన చేతి వంట కొంటారా, మన షాపుకు వస్తారా అన్న భయం మన అమ్మానాన్నలను చాలాకాలం వెనక్కు లాగింది. ఆ భయం ఉత్తదే అని మేము అనం. ఆ అవమానం ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. దానికి తోడు పెట్టుబడి లేదు, జామీను పెట్టడానికి భూమి లేదు. అందుకే 2014లో తెలంగాణ ప్రభుత్వం దళిత, గిరిజన పారిశ్రామికుల కోసం టీ-ప్రైడ్ పథకం తేవలసి వచ్చింది. సాయం అందితే తీసుకోవాలి, అది మన హక్కు. అయితే సాయం మొదలుపెట్టడానికే పనికి వస్తుంది. రెండోసారి కొనడానికి మనిషిని షాపుకు రప్పించేది సరుకే. మంచి సరుకుకు మన పేరు పెట్టుకుని నలుగురికీ చేర్చగలిగిన రోజు, ఎవరి చేతిది అని అడిగే నోళ్లు కొన్నయినా మూతపడతాయి.

కాబట్టి మిత్రులారా, ఉద్యోగం కోసం చదవండి, బాగా చదవండి. ఒకవేళ అది రాకపోతే జీవితం అయిపోయిందనుకోవద్దు. సెలవుల్లో ఏదైనా దుకాణంలో పని నేర్చుకోండి. ఒక నోటుబుక్కు పెట్టి రోజూ లెక్క రాయండి. ఒక్క సరుకు ఎంచుకుని, అది ప్రతిసారీ ఒకేలా వచ్చేవరకు వదలకండి. వచ్చే ఏటి సంచికలో మన హాస్టల్లో చదివిన ఒక అన్నో, అక్కో పెట్టిన కార్ఖానా గురించి రాసే అవకాశం మాకు కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.