ఆల్బర్ట్ సాబిన్

పసిపిల్లల నోటిలో వేసే చుక్కల మందుతో పోలియోను నివారించిన శాస్త్రవేత్తగా ఆల్బర్ట్ సాబిన్ లోకప్రసిద్ధుడు. డెంగ్యూ జ్వరంపై ఆయన చేసిన కృషి అంతగా ప్రచారం పొందలేదు.

సాబిన్ 1906 ఆగస్టు 26న, నాడు రష్యా సామ్రాజ్యంలోనూ నేడు పోలండ్‌లోనూ ఉన్న బియాలిస్టాక్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1921లో ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్ళింది. బంధువొకరు ఖర్చు భరించగా సాబిన్ దంతవైద్య విద్యలో చేరాడు. కాని 'మైక్రోబ్ హంటర్స్' అనే గ్రంథం చదివిన పిదప ఆయన మనస్సు సూక్ష్మజీవుల పరిశోధన వైపు మళ్ళింది. దంతవైద్యం విడిచిపెట్టగానే ఆ ధనసహాయం ఆగిపోయింది. అయినా వెనుదీయక 1931లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దోమల ద్వారా వ్యాపించే డెంగ్యూ జ్వరం అమెరికా సైనికులను పీడించింది. సైన్యంలో వైద్యాధికారిగా చేరిన సాబిన్ హవాయి, న్యూగినీ, కలకత్తాలలో జ్వరపడిన సైనికుల రక్తం నుండి వైరస్‌లను సేకరించి, అవన్నీ ఒకే రకానికి చెందినవి కావని నిరూపించాడు. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిని పరిశీలించి మరొక సత్యాన్ని వెల్లడించాడు. ఒక రకం సోకి కోలుకున్నవారికి ఆ రకం నుండి దీర్ఘకాలం రక్షణ లభిస్తుంది. వేరొక రకం నుండి లభించే పూర్తి రక్షణ మాత్రం సుమారు రెండు నెలలకే పరిమితం.

ఆ రక్షణ తొలగిన తరువాత ఏమి జరుగుతుందన్నది ఆయన అనంతరం పరిశోధించినవారు కనుగొన్నారు. మొదటి జ్వరం వలన ఏర్పడిన ప్రతిరక్షకాలు రెండవ రకం వైరస్‌ను అంటిపెట్టుకొన్నా, దానిని నిర్వీర్యం చేయలేకపోవచ్చును. పైగా అది రక్తకణాలలో ప్రవేశించడానికి తోడ్పడవచ్చును. అందువలన కొందరికి రెండవసారి వచ్చే జ్వరం ప్రాణాంతకమవుతుంది. రక్షించవలసిన శక్తియే శత్రువుకు దారి చూపుతుందన్నమాట. డెంగ్యూకు నాలుగు రకాలుండటం వలన టీకా తయారీ నేటికీ క్లిష్టమైన కార్యమే.

యుద్ధానంతరం సాబిన్ పోలియోపై దృష్టి నిలిపాడు. ఆ వైరస్‌కు మూడు రకాలున్నాయి. ఒకదాని నుండి పొందిన రక్షణ మిగిలిన రెండింటికి చాలదు. కనుక మూడింటినీ బలహీనపరచి, నోటి ద్వారా ఇచ్చే టీకాను రూపొందించాడు. 1959లో సోవియట్ యూనియన్‌లో లక్షలాది మందికి దానిని ఇచ్చి సత్ఫలితాలు సాధించారు. సాబిన్ తన టీకాపై పేటెంటు హక్కు కోరలేదు. కనుకనే అది పేద దేశాలకు సైతం చవకగా అందింది.

1993 మార్చి 3న సాబిన్ కన్నుమూశాడు. 1995లో మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం ఆయన రూపొందించిన చుక్కల మందుతోనే ఆరంభమైంది. 2014లో భారతదేశం పోలియో రహిత దేశంగా గుర్తింపు పొందింది. తన విజ్ఞానాన్ని సొంత ఆస్తిగా భావించక మానవాళికి అర్పించిన సాబిన్ జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.