ఖర్చుల లెక్కనే కీర్తన చేసిన తహశీల్దారు.. గోల్కొండ జైల్లో రామదాసు గోడు ఇదీ!

శ్రీరామనవమి పందిళ్లు పడ్డాయంటే చాలు.. ఊరూరా మైకుల్లో ముందుగా మోగేవి భద్రాచల రామదాసు కీర్తనలే. ఒకప్పుడు రేడియోలో, తర్వాత టేప్ రికార్డర్‌లో విన్నారు. ఇప్పుడు ఫోన్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నారు. అయితే ఈ పాటల్లో చాలావరకు ఓ సర్కారు ఉద్యోగి జైల్లో దెబ్బలు తింటూ పాడుకున్నవని చెబుతారు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దం మనిషి. ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి సొంతూరు. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. మేనమామలు అక్కన్న, మాదన్నలకు గోల్కొండ దర్బారులో మంచి పట్టుంది. 1672లో అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కాక మాదన్న మాటకు ఎదురే లేకుండా పోయింది. ఆ పలుకుబడితోనే గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు కొలువు దొరికింది. చేయాల్సిన పని.. శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం.

గోదావరి ఒడ్డు, చుట్టూ అడవి. భద్రగిరి మీద రాముడి విగ్రహాలు బయటపడితే పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి, దొరికిన పండ్లు నైవేద్యం పెట్టి కొలిచిందని స్థలపురాణం. రాముడు పందిరి కింద ఉండటం గోపన్నకు నచ్చలేదు. గుడి మొదలుపెట్టారు. చందాలు చాలలేదు. చేతిలో ఉన్న శిస్తు సొమ్ము తీశారు. అదంతా కలిపి 6 లక్షల వరహాలని జనం చెప్పుకునే లెక్క. సొంతానికి రూపాయి వాడుకోకపోవచ్చు గానీ, ఖజానా డబ్బు అనుమతి లేకుండా ఖర్చుపెడితే ఏ కాలంలోనైనా కేసే కదా! తానీషా ఊరుకోలేదు. గోపన్నను గోల్కొండకు రప్పించి బందీఖానాలో వేయించారు. కట్టేదాకా వదిలేది లేదన్నారు. 12 ఏళ్లు అక్కడే మగ్గారని ప్రతీతి.

అసలు కథ ఇక్కడే ఉంది. ఆ చెరలో ఆయన రాముణ్ని పొగుడుతూ మాత్రమే కూర్చోలేదు. గొడవపడ్డారు. ప్రాకారానికి ఎంతైంది, సీతమ్మకు చింతాకు పతకం ఎవరు చేయించారు, భరతుడి పచ్చల పతకం, లక్ష్మణుడి ముత్యాల పతకం ఎవరి డబ్బుతో వచ్చాయి.. అంటూ ఆడిట్ రిపోర్టులా వరసపెట్టి అడిగేశారు. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీసినంత పని చేశారు. మళ్లీ చివర్లో మెత్తబడి, దెబ్బలు ఓర్చుకోలేక నోరు జారాను, తప్పుగా అనుకోవద్దని బతిమాలుకున్నారు. దేవుడి మీద ఇంత చనువుగా అలిగిన పాట తెలుగులో అరుదు.

ఇంకో విచిత్రం. గోల్కొండ కోట కట్టడంలోనే సౌండ్ సిస్టమ్ ఉంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు రాకను పసిగట్టడానికి చేసిన ఏర్పాటు అది. అదే కోటలో ఖైదీ పాడిన పాట మాత్రం దర్బారును చేరినట్టు లేదు.

చివరికి రామలక్ష్మణులే బంట్రోతుల వేషంలో రాత్రివేళ వచ్చి తానీషాకు పైకం లెక్కపెట్టి రశీదు తీసుకెళ్లారని, తెల్లారగానే గోపన్నను విడుదల చేశారని కథ. అది నమ్మేవాళ్ల ఇష్టం. చరిత్ర చెప్పేది మాత్రం చేదుగా ఉంది. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాదే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషా కూడా ఖైదీ అయ్యారు.

రాజ్యం పోయింది గానీ పాటలు భజన గోష్ఠుల్లో నోటి నుంచి నోటికి నడిచాయి. తమిళ నేల మీద తిరువయ్యారులో ఉన్న త్యాగయ్య కూడా తన కృతిలో రామదాసు చెరను తలచుకున్నారు. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో ఇవి ఇంటింటికీ చేరాయి. రికార్డులుగానూ వచ్చాయి. 1964లో చిత్తూరు నాగయ్య రామదాసు సినిమా తీసి తానే ఆ పాత్ర వేశారు. 1980లో శంకరాభరణం వచ్చాక కుర్రకారు కూడా ఈ కీర్తనలు నేర్చుకున్నారు.

సంగీత ప్రియుల పంచాయితీ మాత్రం తెగలేదు. బాలమురళి బాణీయే బాణీ అని కొందరు. చిడతలు కొట్టి పాడే పాత భజన పద్ధతే గోపన్నకు దగ్గరని మరికొందరు. స్వరం రాసిపెట్టే అలవాటు లేని రోజులు కాబట్టి ఎవరూ ఓడిపోరు. పాత ప్లేట్లు దాచుకున్నవాళ్లకు ఇంకో కోపం. గరగర ఉన్నా అందులో తంబురా శ్రుతి నిండుగా వినిపించేదని, ఫోన్ ఫైళ్లలో అది పల్చబడిందని, పైగా నవమి పందిట్లో బాస్ పెంచి కొడితే సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదని వాళ్ల గోడు. ఇది రామదాసుకు కొత్తేం కాదు.. ఆయనకూ లెక్క ఒక్కొక్కటీ స్పష్టంగా వినపడటమే కావాల్సింది!

గోల్కొండ వెళ్లినవాళ్లు ఇప్పటికీ రామదాసు బందీఖానాలోకి తొంగి చూస్తారు. గోడ మీద ఆయన చెక్కుకున్నవని చెప్పే బొమ్మలు ఉంటాయి. పైకప్పు కంతలోంచి కొంచెం వెలుతురు పడుతుంటుంది.