గ్రేస్ హాపర్: కంపైలర్లకే పరీక్ష పెట్టిన నేవీ ఆఫీసర్.. ఆరు నెలలకని పిలిస్తే 19 ఏళ్లు!

గ్రేస్ హాపర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పురుగు కథే. 1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ రిలేలో రెక్కల పురుగు ఇరుక్కుంటే, తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. నిజానికి దాన్ని పట్టుకున్నది ఆమె కాదు. బగ్ అనే మాట కూడా అంతకు ముందే ఉంది. ఆ పురుగుకు వచ్చినంత పేరు ఆమె చేసిన అసలు పనికి రాలేదు.

1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులోనే ఇంట్లోని అలారం గడియారాలన్నీ విప్పేశారట. 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ. 1943లో నేవీలో చేరదామంటే, ఉండాల్సిన బరువు కంటే 15 పౌండ్లు తక్కువ! ప్రత్యేక మినహాయింపుతో తీసుకున్నారు. అక్కడి నుంచి హార్వర్డ్ మార్క్-1, ఆ తర్వాత యూనివాక్. 1952లో ఏ-0 కంపైలర్ తెచ్చారు. ఆమె ఫ్లో-మాటిక్ భాష కోబాల్‌కు దారి చూపింది.

1966లో వయసైపోయిందని నేవీ రిటైర్ చేసింది. ఏడాది తిరక్కుండానే, 1967 ఆగస్టులో మళ్లీ పిలిచింది. ఎందుకంటే కోబాల్ పేరు ఒక్కటే అయినా, ఒక్కో కంపెనీ కంపైలర్ ఒక్కోలా నడిచేది. మెషీన్ మారిస్తే ప్రోగ్రామ్ మళ్లీ రాసుకోవాల్సిందే. జీతాలు, స్టోర్ లెక్కలు చూసే నేవీకి ఇది చిన్న తలనొప్పి కాదు.

హాపర్ టీమ్ చేసిన పని వినడానికి సింపుల్‌గానే ఉంటుంది. భాషలోని ఒక్కో అంశానికి ఒక్కో చిన్న ప్రోగ్రామ్ రాశారు. రావాల్సిన జవాబు ముందే తెలుసు. కంపైలర్‌తో దాన్ని నడిపిస్తే, వచ్చిన జవాబును ప్రోగ్రామే పోల్చి చూసుకుని పాసా, ఫెయిలా అని ప్రింట్ చేస్తుంది. మనిషి కూర్చుని వెతకక్కర్లేదు. కంపైలర్ కొత్త వెర్షన్ వస్తే అవే పరీక్షలు మళ్లీ. నిన్న పనిచేసి ఇవాళ చెడిపోయిందేంటో ఇట్టే దొరికిపోతుంది. మా కంపైలర్ బాగుందని సేల్స్‌మన్ చెబితే చాలదన్నమాట. ప్రభుత్వానికి అమ్మాలంటే కంపెనీలు పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. దాంతో తలో దారిలో వెళ్తున్న కంపైలర్లు దగ్గరికొచ్చాయి.

వేగం గురించి చెప్పడంలోనూ ఆమె స్టైలే వేరు. నానోసెకనులో కరెంటు వెళ్లగలిగే గరిష్ఠ దూరం ఇంతే అంటూ, దాదాపు 30 సెంటీమీటర్ల వైరు ముక్కలు ఉపన్యాసాల్లో పంచిపెట్టేవారు. మైక్రోసెకనుకు 300 మీటర్ల చుట్ట! టైమ్ వృథా చేసే ప్రోగ్రామర్ల మెడలో వేయాల్సింది అదే మరి.

ఆరు నెలలకని పిలిచిన నేవీ 1986 వరకు వదల్లేదు. 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆ పరీక్షల వరుసలోనే వచ్చిన కోబాల్-85 టెస్ట్ సూట్‌తో గ్నూకోబాల్ కంపైలర్‌ను ఇప్పటికీ చెక్ చేస్తున్నారు.