బహిష్కృతుడు నెలకొల్పిన రాజ్యము

పీడనకు తాళలేక పారివచ్చినవారే తమకు బలము చేకూరగానే ఇతరులను పీడించుట చరిత్రలో అరుదు కాదు. ఇంగ్లండులో మతాధికారుల నిర్బంధమునకు ఓర్వలేక సముద్రము దాటి, అమెరికాలోని మాసచూసెట్స్ తీరమున స్థిరపడిన ప్యూరిటనులు తమతో ఏకీభవింపని వారిని సహింపలేకపోయిరి. వారు వెడలగొట్టిన వారిలో రోజర్ విలియమ్స్ ఒకడు. రోడ్ ఐలండ్ వలసరాజ్యమునకు పునాది వేసినవాడు ఇతడే.

విలియమ్స్ 1603 ప్రాంతమున లండనులో ఒక వర్తకుని ఇంట జన్మించెను. బాల్యముననే సంక్షిప్తలిపి నేర్చి, ప్రసిద్ధ న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ ఆదరమునకు పాత్రుడై, 1627లో కేంబ్రిడ్జి పట్టభద్రుడయ్యెను. 1631లో భార్య మేరీతో కలిసి బోస్టను చేరెను. అచటి చర్చివారు తనకు పదవి ఇవ్వజూపగా, వారు ఇంగ్లండు చర్చితో సంబంధము పూర్తిగా తెంచుకొనలేదను కారణమున నిరాకరించెను.

అతని అభిప్రాయములలో ముఖ్యముగా రెండు పాలకులకు కంటగింపయ్యెను. ఆ నేల ఆదిమవాసులది. వారియొద్ద కొననిదే ఇంగ్లండు రాజు దానపత్రము చెల్లదనునది మొదటిది. పది ఆజ్ఞలలో దైవభక్తికి సంబంధించిన మొదటి నాలుగింటిని ఉల్లంఘించిన వారిని దండించు అధికారము ప్రభుత్వమునకు లేదనునది రెండవది. 1635 అక్టోబరులో న్యాయసభ అతనికి దేశబహిష్కారము విధించెను. శీతకాలము గడచువరకు గడువిచ్చినను, అతడు మౌనము వహింపకుండుటచే ఓడనెక్కించి ఇంగ్లండునకు పంపివేయ నిశ్చయించిరి. పూర్వ గవర్నరు జాన్ విన్‌త్రాప్ రహస్యముగా సూచింపగా, 1636 జనవరిలో భటులు వచ్చుటకు మునుపే అతడు మంచులో కాలినడకన వెడలిపోయెను.

ఆ ఆపత్కాలమున అతనిని ఆదరించినవారు ఆదిమవాసులే. వారి భాషను అతడు అంతకుముందే శ్రద్ధతో అభ్యసించియుండెను. నారగాన్సెట్ నాయకులగు కనోనికస్, మియాంటొనోమీల వలన భూమి పొంది, ఆ సంవత్సరమే ప్రావిడెన్స్ అను గ్రామమును నెలకొల్పెను. అచటి గృహస్థులు లౌకిక విషయములలో మాత్రమే సంఘనిర్ణయమునకు లోబడుదుమని ఒడంబడిక చేసికొనిరి.

1643లో ఇంగ్లండునకు పోయి, ఆదిమవాసుల భాషను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మరుసటి సంవత్సరము పార్లమెంటు వలన అధికారపత్రము సంపాదించెను. మతస్వేచ్ఛను గూర్చి అతడు వ్రాసిన గ్రంథమును మాత్రము ఆ పార్లమెంటే తగులబెట్టించెను! అతని సహచరుడు జాన్ క్లార్క్ కృషివలన 1663లో రెండవ ఛార్లెస్ రాజు మతస్వేచ్ఛనొసగు శాసనపత్రమిచ్చెను. అది 1843 వరకు అమలులో నుండెను.

సిద్ధాంతమునకు నిజమైన పరీక్ష మనకు నచ్చని వారియెడల మన నడవడియే. విలియమ్స్‌కు క్వేకరుల మతము బొత్తిగా సరిపడదు. పొరుగు వలసలు వారిని వెడలగొట్టుడని 1657లో ఒత్తిడి చేసినను రోడ్ ఐలండ్ సమ్మతింపలేదు. 1659–61 నడుమ బోస్టనులో నలుగురు క్వేకరులను ఉరితీసిరి. విలియమ్స్ మాత్రము 1672లో, ఏడుపదుల వయస్సు సమీపించినను, స్వయముగా పడవ నడిపికొని న్యూపోర్టు చేరి వారితో మూడు దినములు వాదించెను. వాదమునకు వాదమే అతని ఆయుధము.

అతని చరిత్రలో మచ్చ లేకపోలేదు. 1675–76 యుద్ధములో నారగాన్సెట్లు ప్రావిడెన్సును తగులబెట్టగా అతని ఇల్లును కాలిపోయెను. పిమ్మట బందీలైన ఆదిమవాసులను దాస్యమునకు విక్రయించు సంఘములో అతడును సభ్యుడయ్యెను. ఆపత్కాలమున ఆశ్రయమిచ్చిన జాతియెడల జరిగిన ఈ అన్యాయమును మరుగుపరచుట తగదు.

1683లో అతడు మరణించెను. 1790లో రోడ్ ఐలండ్ పదమూడవ రాష్ట్రముగా అమెరికా రాజ్యాంగమును ఆమోదించెను. మరుసటి సంవత్సరమే మతస్వేచ్ఛకు ఆ రాజ్యాంగమున రక్షణ లభించెను. తనకు స్వేచ్ఛ కోరువారు లోకమున అనేకులు. తనతో విభేదించువానికి సైతము దానిని కోరినవాడు కావుననే విలియమ్స్ స్మరణీయుడు.