విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మగారు

విద్యచే జీవించువారికి కష్టములు రెండు. విద్యను నేర్చుకొనుట మొదటిది. నేర్చిన విద్యకు తగిన ప్రతిఫలమును, మర్యాదను, పేరును దానిని కోరి పిలిచినవారివలన పొందుట రెండవది. మొదటిదానికి గురువు దారి చూపును. రెండవదానికి దారి చూపువా రరుదు. మన పూర్వులలో ననేకులు ప్రభువుల దయనే నమ్ముకొని, ఆ ప్రభువు గతించినంతనే దిక్కులేనివారైరి. ఈ రెండవ కష్టమును ధైర్యముతో నెదుర్కొని, తన విద్యకును, తనవంటివారి విద్యకును నిలువ నీడ కల్పించిన సాధ్వి బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె చరిత్రము మన కులమువారెల్లరును తెలిసికొనదగినది గావున ఈ సంచికయందు సంగ్రహముగా వ్రాయబడుచున్నది.

నాగరత్నమ్మగారు 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానమందలి నంజనగూడులో జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ వంశమునకు చెందినది. తండ్రి సుబ్బారావను న్యాయవాది. ఆయన తల్లిని బిడ్డను విడనాడగా, పుట్టలక్ష్మి పసిబిడ్డతో మైసూరు చేరి, కూతునకు విద్యయే ఆస్తియని నిశ్చయించుకొనెను. అచట గిరిభట్ట తిమ్మయ్యయను పండితునియొద్ద బాలిక సంస్కృతమును, సంగీతమును నేర్చెను. కొంతకాలమునకు గురువుతో వైమనస్యము కలిగి వా రా నగరమును విడువవలసివచ్చెను. తన కుమార్తె విదుషీమణియైనగాని మైసూరులో మరల నడుగిడనని తల్లి ప్రతిన పూనినదని చెప్పుదురు.

పిమ్మట బెంగుళూరులో మునుస్వామప్పగారియొద్ద సంగీతశిక్ష జరిగెను. ఆయన త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన ఫిడేలు విద్వాంసుడు. నాట్యమును సయితము క్రమముగా నభ్యసించి, నాగరత్నమ్మగారు పదునైదేండ్ల ప్రాయముననే సభలను రంజింపజేసిరి. తల్లి ప్రతిన చెల్లి, మైసూరు ఆస్థానమున గానముచేసి సన్మానము పొందిరి గాని, ఆ తల్లి మాత్రము కూతురి వైభవమును చూచుటకు చిరకాలము జీవింపలేదు. బెంగుళూరున నరహరిరావను న్యాయాధికారి ఆమెను మిక్కిలి ఆదరించెను. తరువాత ఆమె చెన్నపట్టణమునకు తరలి, అచటనే స్థిరపడి, దక్షిణదేశమంతటను కీర్తి గడించిరి. రాజమహేంద్రవరమున గండపెండేరముతో సత్కరింపబడిరి.

ఆమె కాలమునాటికి రాజాస్థానములు క్షీణించుచుండెను. పాటను పోషించువారు సభలవారును, పెండ్లి పెద్దలును, గ్రామఫోను కంపెనీలవారును అయిరి. పూర్వము ప్రభువిచ్చిన మాన్యము తరతరములకు వచ్చెడిది. ఇప్పుడు ఒక్క కచేరికి ఒక్క సొమ్ము. పళ్లెములో పాట పాడినవారికి కంపెనీవారు సామాన్యముగా ఒక్కమారు సొమ్మిచ్చి, పిమ్మట ఎన్ని పళ్లెము లమ్ముడుపోయినను వేరుగా నేమియు నిచ్చెడివారు కారు. ఇట్టి కాలమున నాగరత్నమ్మగారు తమ కచేరీల లెక్కను తామే శ్రద్ధగా వ్రాసి యుంచుకొనిరి. వేయికి పైబడిన కచేరీల వివర మందు కలదు. గాయనీమణులలో ఆదాయపుపన్ను చెల్లించినవారిలో ఆమెయే మొదటిదని చెన్నపట్టణమున చెప్పుకొనెడివారు. విద్యను అమ్ముకొనుట హీనమని కొందఱనిన, విద్యచే వచ్చినదానికి లెక్క చూపుట గౌరవమేయని ఆమె నడవడియే తెలిపెను.

ఆమె జీవితమున ముఖ్యఘట్టము ముద్దుపళని గ్రంథముద్రణము. ముద్దుపళని తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమందలి కవయిత్రి. ఆ ప్రభువు 1739 మొదలు 1763 వఱకు రాజ్యముచేసెను. ఆమె రచించిన రాధికాసాంత్వనము శృంగారకావ్యము. 1887లో పైడిపాటి వెంకటనరసుగారు దీనిని ప్రకటించినపుడు, కొన్ని పద్యములును, కవయిత్రి తన వంశమును గూర్చి చెప్పుకొన్న భాగమును విడిచిపెట్టిరి. గ్రంథము నిలిచెను గాని గ్రంథకర్త్రి మఱుగుపడెను. వీరేశలింగము పంతులుగారు తమ కవులచరిత్రమున ఆ కావ్యమును తీవ్రముగా నిందించిరి. నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని పోల్చి, తొలగింపబడిన భాగములను మరల చేర్చి, 1910లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారిచే అచ్చువేయించిరి. తమ పీఠికయందు పంతులుగారికి వినయముతోడను, వెనుదీయకయు సమాధానము వ్రాసిరి. సిగ్గు స్త్రీలకు మాత్రమే సహజమా యనియు, పురుషులు వ్రాసిన శృంగారమును పరిష్కరించి ప్రకటింపవచ్చునుగాని స్త్రీ వ్రాసినది పనికిరాదా యనియు అడిగిరి.

దీనిపై పత్రికలలో అలజడి పుట్టెను. 1911లో ప్రభుత్వమువారు గ్రంథము అశ్లీలమని నిషేధించి ప్రతులను పట్టించిరి. వావిళ్లవారు అర్జీలు పెట్టుకొనిరి. పండితులనేకులు వారికి తోడైరి. కాని నిషేధము చిరకాలము నిలిచి, 1947లోగాని తొలగలేదు. అప్పటికి నాగరత్నమ్మగారు వృద్ధురాలు. ముప్పదియాఱేండ్ల తరువాత తన పట్టు నెగ్గుట చూచు భాగ్యము ఆమెకు కలిగెను.

రెండవ పోరాట మింతకంటె కఠినమైనది. 1927లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు మదరాసు శాసనసభలో దేవదాసీ సమర్పణమును మాన్పవలెనని తీర్మానము తెచ్చిరి. పసిబాలికలను వారి యిష్టము నెఱుగక దేవాలయమునకు ముడివేయుట మానవలసినదే. ఈ విషయమున డాక్టరుగారి ఆవేదన న్యాయమైనదని నేడు మనమెల్లరము ఒప్పుకొందుము. కాని ఆ చర్చయందు ఎవరి బ్రతుకును గూర్చి మాటలాడుచుండిరో వారి నడుగువారు లేకపోయిరి. నాగరత్నమ్మగారు మొదలగువారు రాజధానియందలి దేవదాసీలను సంఘముగా చేర్చి ప్రభుత్వమునకు విజ్ఞాపన మంపిరి. కులమునంతటిని వ్యభిచారిణులని నిందింప వలదనియు, తమ కళను, తమ భూములను తీసివేయక బిడ్డలకు చదువు చెప్పింపవలెననియు అందలి సారము. 1929 నాటి చట్టముచే సేవకై యిచ్చిన ఇనాము భూములు సేవాబాధ్యత లేకుండ అనుభవించువారికే దక్కునట్లు ఏర్పాటు జరిగెను. 1947లో సమర్పణము చట్టముచే నిషేధింపబడెను. దురాచారము పోయెను, దానితోడనే కళయు మన యిండ్లనుండి చాలవఱకు పరుల వేదికలకు తరలిపోయెను. లాభనష్టములు రెంటిని చెప్పుటయే చరిత్రధర్మము.

మూడవది తిరువయ్యారు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిన చోటు శిథిలమై పొదలతో నిండియున్నదని విని, నాగరత్నమ్మగారు 1921లో పని ప్రారంభించిరి. స్థలమును సంపాదించి, నగలను, ఆస్తిని వెచ్చించి మందిరమును కట్టించిరి. 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగెను. ఇంతచేసినను, ఆరాధనోత్సవము నడపు విద్వాంసులు స్త్రీలను పాడనీయరైరి. కట్టించినవారికే ఆ గుడిలో పాట లేకపోయెను! ఆమె కలహించి విడిచిపోలేదు. మందిరము వెనుక స్త్రీలచేతనే వేరుగా ఆరాధన జరిపించిరి. ఆ కక్షలు కొన్ని యేండ్లు సాగి, 1940-41 ప్రాంతమున పక్షములన్నియు కలియగా స్త్రీలును పురుషులును ఒక్కచోట పాడుట ఆచారమయ్యెను. తన ఆస్తిని ధర్మనిధిగా వ్రాయునపుడు సయితము, స్త్రీలకును, దేవదాసీలకును ఆ సన్నిధిని పూజచేయు హక్కుండవలెనని పత్రమున నిబంధన చేర్చిరి. నోటిమాటపై విడువక కాగితముపై నుంచిన యీ జాగ్రత్త గమనింపదగినది. 1952 మే 19వ తేదీన ఆమె పరమపదించిరి. ఆమె సమాధి త్యాగరాజస్వామి సన్నిధి కెదురుగనే యున్నది.

సోదరీసోదరులారా! ఈ చరిత్ర మనకెందుకని తలపవలదు. సురంగల్ మొదలుకొని మొయినాబాదు, చేవెళ్ల వఱకు గల మన పల్లెలు హైదరాబాదునకు చేరువయగుటచే ఇచట తోటయిండ్లును, వేడుకమందిరములును పెక్కు వెలసినవి. పాడువారికి, ఆడువారికి, వాద్యము వాయించువారికి పిలుపులు వచ్చుచున్నవి. పిలుపు నాటి తీపిమాట సొమ్మిచ్చునాటికి మఱచిపోవుట కలదు. వేడుకలో పట్టిన చిత్రము పాడినవారి యనుమతి లేకయే దేశమంతట తిరుగుటయు కలదు. అందుచే వెళ్లుటకు పూర్వమే సంభావన యెంతయో, బయాన యెంతయో, ఎన్ని గడియల పాటయో, చిత్రమెవరిదో వ్రాయించుకొనుట మేలు. చట్టము నేడు మనకు తోడున్నది. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము కర్తకు తన పేరు నిలుపుకొను హక్కు నొసగినది. 1994లో పాడువారికిని ఆడువారికిని తమ ప్రదర్శనముపై హక్కు కలిగినది. 2012లో ఆ హక్కులు మఱింత బలపడినవి. ముద్దుపళనికి లేని రక్షణము మన బిడ్డలకు కలదు. దానిని వాడుకొనుట మన వంతు.

పోషకులగు మహాశయులకును ఒక విన్నపము. కళాకారునితో ముందుగా షరతులు వ్రాసికొనుట అవిశ్వాసము కాదు. ఉభయుల మర్యాదకు కట్టిన గట్టు. లెక్క వ్రాసిన చేతితోనే గుడి కట్టించిన నాగరత్నమ్మగారి జీవితమే ఇందుకు సాక్ష్యము. ఆమె స్మృతి మన యువతీయువకులకు ధైర్యమును, మన పోషకులకు ఔదార్యమును ప్రసాదించుగాక!