గురువును మించిన శిష్యుడు – డేవిడ్ హఫ్‌మన్

విద్యకు పరమావధి పరీక్షలో ఉత్తీర్ణతయేనా, లేక తెలియనిదానిని తెలుసుకోవాలన్న తపనను మేల్కొలపడమా అన్న చర్చ విద్యాసంస్థలలో ఏనాటినుండో ఉన్నదే. ఈ చర్చకు డేవిడ్ ఆల్బర్ట్ హఫ్‌మన్ జీవితం చక్కని సమాధానమని మేము భావిస్తున్నాము. నేడు మన విద్యార్థులు తమ ఫైళ్ళను ‘జిప్’ రూపంలో కుదించి, ఎక్కడో దూరాన ఉన్న క్లౌడ్ భాండాగారాలకు పంపుతున్న ప్రతిసారీ, తమకు తెలియకుండానే ఆయనకు ఋణపడుతున్నారు.

హఫ్‌మన్ 1925 ఆగస్టు 9న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించారు. 1944లో, పిన్నవయసులోనే, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టం పొందారు. పిదప నౌకాదళంలో చేరి, రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్, చైనా జలాలలో మిగిలిపోయిన మందుపాతరలను తొలగించే పనిలో పాల్గొన్న నౌకపై సేవచేశారు. తిరిగి వచ్చి 1949లో మాస్టర్స్ పట్టం అందుకొని, ఉన్నత పరిశోధనకై మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రవేశించారు.

1951లో అక్కడ ఆచార్య రాబర్ట్ ఫానో సమాచార సిద్ధాంతాన్ని బోధిస్తూ, విద్యార్థులకు ఒక వెసులుబాటు కల్పించారు. చివరి పరీక్ష వ్రాయవచ్చు. లేదా తానిచ్చిన సమస్యపై వ్యాసం సమర్పించవచ్చు. ఒక సందేశంలోని అక్షరాలను సున్న, ఒకటి అనే రెండు గుర్తులతో వ్రాసేటప్పుడు మొత్తం గుర్తుల సంఖ్య కనిష్ఠంగా ఉండే మార్గమేది అన్నదే ఆ సమస్య. 1948లో ఈ శాస్త్రానికి పునాది వేసిన క్లాడ్ షానన్‌కు గాని, స్వయంగా ఫానోకు గాని దీనికి పరిపూర్ణమైన పరిష్కారం లభించలేదు. ఆ సంగతి ఆచార్యులు తరగతిలో చెప్పలేదు.

హఫ్‌మన్ నెలల తరబడి శ్రమించారు. ఫలితం కానరాలేదు. ఇక లాభం లేదని కాగితాలు పారవేసి, పరీక్షకు చదువుకోవడానికి సిద్ధమైన తరుణంలో, మెరుపులా పరిష్కారం స్ఫురించింది. ఫానో పద్ధతి అక్షరాలను పైనుండి క్రిందికి విభజిస్తూ పోతుంది. హఫ్‌మన్ క్రిందినుండి పైకి కట్టుకుంటూ వచ్చారు; అతి అరుదైన రెండింటిని ముందుగా జతచేయడమే ఆ కిటుకు.

ఒక ఉదాహరణ చూద్దాము. ఎనిమిది అక్షరాల సందేశంలో ‘అ’ నాలుగుసార్లు, ‘ఇ’ రెండుసార్లు, ‘ఉ’, ‘ఎ’ ఒక్కొక్కసారి వచ్చాయనుకొందాము. ఒక్కొక్క అక్షరానికి రెండేసి గుర్తులిస్తే మొత్తం 16 కావాలి. హఫ్‌మన్ పద్ధతిలో మొదట ‘ఉ’, ‘ఎ’లను జతచేసి, ఆ జతను ‘ఇ’తోను, తరువాత ‘అ’తోను కలుపుతారు. అప్పుడు ‘అ’కు ఒకటి, ‘ఇ’కి రెండు, మిగిలినవాటికి మూడేసి గుర్తులు లభిస్తాయి. మొత్తం 14 చాలును. ఏ అక్షరపు సంకేతమూ మరొకదానికి మొదలుగా ఉండదు గనుక, విప్పేటప్పుడు సందిగ్ధత లేదు. ఒక్క అక్షరమూ నష్టపోదు.

ఈ వ్యాసం 1952లో అచ్చయింది. 1977లో లెంపెల్, జివ్ అనే శాస్త్రజ్ఞులు పునరుక్తులను తొలగించే మరొక మార్గం ప్రకటించారు. ఈ రెండింటి కలయికయే నేటి జిప్ ఫైళ్ళకు ఆధారం. కంప్యూటరు ఫైలును తన మెమొరీలోనే భాగాలుగా ఉంచుకొని, ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించి, సంకేతాలు నిర్మించి, డిస్కుపై మరొక ప్రతి వ్రాయకుండానే క్లౌడ్‌కు పంపగలదు. పంపవలసిన భారం తగ్గడంతో కాలమూ, ధనమూ ఆదా అవుతాయి. జెపెగ్ ఛాయాచిత్రాలలోనూ సాధారణంగా ఈ సంకేతమే ఉన్నది. అందుచేతనే వాటిని మరల జిప్ చేసినా పరిమాణం అంతగా తగ్గదు.

హఫ్‌మన్ 1953లో డాక్టరేటు పొంది, అక్కడే అధ్యాపకులైనారు. 1967లో శాంతాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, కంప్యూటర్ విజ్ఞాన శాఖ స్థాపనకు పాటుపడ్డారు. కాగితపు మడతల గణితంలోనూ కృషిచేశారు. తన సంకేతంపై పేటెంటు తీసుకొనలేదు. లోకమంతా వాడుకొన్నా ప్రతిఫలం ఆశించలేదు. 1999 అక్టోబరు 7న, 74వ యేట, క్యాన్సరు వ్యాధితో కన్నుమూశారు.

మహామహులకే కొరుకుడుపడని సమస్య అని ముందే తెలిసివుంటే తాను ప్రయత్నించివుండేవాడిని కానేమోనని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. ఇందులో విద్యార్థులకెంత పాఠమున్నదో, అధ్యాపకులకూ అంతే ఉన్నది. మన కళాశాలలో కూడా, ప్రతి తరగతిలో ఏడాదికి ఒక్కసారైనా, పరీక్షకు బదులుగా సమాధానం తెలియని ఒక ప్రశ్నను విద్యార్థుల ముందుంచే అవకాశాన్ని కళాశాల కమిటీవారు పరిశీలించవలెనని మా విన్నపం. శిష్యుని చేతిలో ఓడడం గురువుకు అవమానం కాదు. అంతకు మించిన జీతం అధ్యాపకునకు లేదు.