హెలెన్ కెల్లర్‌కు 19 నెలల వయసులో వచ్చిన ఆ జ్వరం

1882 ఫిబ్రవరి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న ఊరు. మాజీ సైనికాధికారి ఆర్థర్ కెల్లర్ ఇంట్లో 19 నెలల పాపకు ఉన్నట్టుండి జ్వరం కాసింది. అప్పటికే ఆ పాప నడుస్తోంది, వచ్చీరాని మాటలు కూడా మొదలయ్యాయి. డాక్టరు వచ్చి చూశాడు. కడుపుకీ మెదడుకీ రక్తం పోటెత్తిందన్నాడు, బతకడం కష్టమన్నాడు. ఆ రోజుల్లో అంతకు మించి ఆయన చేయగలిగింది కూడా ఏమీ లేదు. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున జ్వరం ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు.

తల్లి కేట్‌కు ఆ తర్వాత గానీ అసలు సంగతి తెలియలేదు. భోజనాల గంట మోగినా పాప అటు తిరగడం లేదు. మొహం ముందు చెయ్యి ఊపినా రెప్ప వేయడం లేదు. చూపు, వినికిడి రెండూ పోయాయి. వినికిడితో పాటే మాట కూడా పోయింది. ఆ పాపే హెలెన్ కెల్లర్.

అది ఏ జబ్బో ఇప్పుడు రుజువు చేయడానికి వీల్లేదు. స్కార్లెట్ ఫీవర్ అని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ అమెరికాకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు 2018లో పాత వివరాలన్నీ పరిశీలించి, అది బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ అయ్యే అవకాశమే ఎక్కువని రాశారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు గర్దన్ తోడ్ బుఖార్ అనేది దీన్నే. మెదడునీ వెన్నుపామునీ కప్పి ఉండే పొరల్లోకి క్రిమి చేరి చీము పడుతుంది. లోపలి చెవి ఆ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, బతికి బయటపడ్డ పిల్లల్లో ఎక్కువగా దెబ్బతినేది వినికిడే. అందుకే ఈ జబ్బు తగ్గిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేయించమంటారు.

పేరులో గర్దన్ ఉందని మెడ బిగుసుకునేదాకా ఆగితే చంటిపిల్లల విషయంలో ఆలస్యమైపోతుంది. నెలల పిల్లల్లో మెడ బిగుసుకోకపోవచ్చు కూడా. జ్వరంతో పాటు పాలు తాగకపోవడం, ఎత్తుకున్నా ఊరుకోకుండా కీచుగా ఏడవడం, మత్తుగా పడి ఉండడం, ఫిట్స్ రావడం, నడినెత్తిన మెత్తగా ఉండే మాడు ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా గంటల్లో ఆస్పత్రికి చేరాలి. దువా చేసుకుంటూనే బయల్దేరాలి. తావీజు కోసమో, తెల్లారనిద్దామనో ఆగే జబ్బు కాదిది.

హజ్‌కు వెళ్లేవాళ్లకు ఈ పేరు కొత్తేమీ కాదు. 1987 హజ్‌లో ఈ జబ్బు చాలామందికి సోకింది. 2000లో మరో రకం క్రిమి వ్యాపించి, యూరప్‌కు తిరిగి వెళ్లిన హాజీల ఇళ్లలోని వాళ్లకు కూడా అంటుకుంది. ఆ తర్వాతే సౌదీ ప్రభుత్వం నాలుగు రకాల మెనింగోకాకస్ క్రిముల నుంచి కాపాడే టీకాను తప్పనిసరి చేసింది.

ఇక హెలెన్ విషయానికి వద్దాం. తర్వాతి ఐదేళ్లు ఆ ఇంట్లో అందరికీ కష్టకాలమే. పాప తెలివైనదే. సొంతంగా సైగలు కల్పించుకుంది. రొట్టె కావాలంటే కోసి వెన్న రాస్తున్నట్టు చేసేది, ఐస్‌క్రీమ్ కావాలంటే వణికేది. కానీ చెప్పాలనుకున్నది ఎదుటివాళ్లకు అందకపోతే కోపంతో ఊగిపోయేది. ఒకసారి తల్లిని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసేసింది. తల్లి తలుపు బాదుతుంటే ఆ అదురు ఒంటికి తగులుతూ ఉంటే నవ్వుతూ కూర్చుంది. చెల్లెలు పడుకున్న ఊయలను బోర్లా తోసేసింది.

1887 మార్చి 3న బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాల నుంచి యాన్ సల్లివన్ అనే 20 ఏళ్ల టీచర్ వచ్చింది. ఆమె కళ్లు కూడా చిన్నప్పుడే ట్రకోమాతో పాడైనవే. పాప అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తూ పోయింది. నెల తర్వాత ఒక రోజు చేతిపంపు కింద పాప చెయ్యి పెట్టి నీళ్లు పోస్తూ, రెండో చేతిలో నీళ్లు అనే మాట రాసింది. జ్వరానికి ముందు హెలెన్ నేర్చుకున్న మాటల్లో చివరిదాకా మిగిలింది కూడా ఆ మాటే. ఆ రోజు నుంచి ప్రతి వస్తువుకూ ఒక పేరుందని పాపకు అర్థమైంది. అదే 1887లో వియన్నాలో వైక్సెల్‌బామ్ అనే డాక్టరు, మెనింజైటిస్‌తో చనిపోయినవాళ్లలో మెనింగోకాకస్ క్రిమిని గుర్తించాడు.

1903లో హెలెన్ ఆత్మకథ వెలువడింది. 1904లో రాడ్‌క్లిఫ్ కాలేజీ నుంచి డిగ్రీ తీసుకున్నారు. చూపు, వినికిడి రెండూ లేనివాళ్లలో ఆ డిగ్రీ సాధించిన మొదటి వ్యక్తి ఆమే. ఇవన్నీ స్కూలు పాఠాల్లో ఉన్నవే. పాఠాల్లో అంతగా కనిపించనిది ఇంకొకటుంది. అప్పట్లో చాలామంది పసికందులు పుట్టిన కొద్ది రోజులకే గుడ్డివాళ్లయ్యేవారు. భర్త నుంచి భార్యకు అంటిన సుఖవ్యాధి క్రిమి ప్రసవంలో బిడ్డ కళ్లకు సోకడమే కారణం. పుట్టగానే సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే ఆపవచ్చని డాక్టర్లకు తెలుసు. కానీ మర్యాదస్తుల ఇళ్లలో ఆ జబ్బు పేరెత్తడమే తప్పు. హెలెన్ 1907లో ఆడవాళ్ల పత్రికలోనే దీని గురించి రాశారు. నివారించగలిగిన గుడ్డితనాన్ని సిగ్గు పేరుతో దాచడం ఆమె సహించలేకపోయారు.

ఆమె అభిప్రాయాలన్నీ మెచ్చుకోదగ్గవేం కావు. 1915లో వైకల్యాలతో పుట్టిన ఒక పసిబిడ్డకు ఆపరేషన్ చేయకుండా వదిలేసిన చికాగో డాక్టరును ఆమె సమర్థించారు. స్వయంగా ఆమె నోటి నుంచి అలాంటి మాట రావడం ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాతి కాలంలో ఆమె అంధుల కోసం 30కి పైగా దేశాలు తిరిగారు. 1952లో ఈజిప్టు వెళ్లినప్పుడు, పసితనంలోనే చూపు పోయిన మహారచయిత తాహా హుస్సేన్‌ను కలిశారు. 1955లో ఢిల్లీ వచ్చి నెహ్రూ మొహాన్ని వేళ్లతో తడిమి చూశారు. 1968 జూన్ 1న, 88వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు కన్నుమూశారు.

పిల్లల్లో మెనింజైటిస్ తెచ్చే మరో ముఖ్యమైన క్రిమి హిబ్. దానికి టీకా అమెరికాలో 1985లో వచ్చింది. రెండు నెలల పిల్లలకు ఇవ్వగలిగిన రకం 1990లో వచ్చింది. అంతకుముందు ఆ దేశంలో ఐదేళ్లలోపు పిల్లలు ఏటా దాదాపు 20,000 మంది హిబ్‌తో తీవ్రంగా జబ్బుపడేవారు. టీకా వచ్చాక ఆ సంఖ్య 99 శాతం తగ్గింది. మన దేశంలో 2011 చివర్లో కేరళ, తమిళనాడులతో మొదలైన పెంటావాలెంట్ టీకాలో హిబ్ ఉంది. 6, 10, 14 వారాలకు వేస్తారు. న్యుమోకాకస్ టీకా అయిన పీసీవీని 6, 14 వారాలకు, మళ్లీ 9 నెలలకు వేస్తారు. పుట్టగానే వేసే బీసీజీ పిల్లలను టీబీ మెనింజైటిస్ నుంచి కాపాడుతుంది. సర్కారు దవాఖానాలో ఇవన్నీ ఉచితమే. ఏ కారణం చేతనైనా ఆరో వారం దాటిపోతే, ఏడాది నిండేలోపు ఎప్పుడు తీసుకెళ్లినా పెంటావాలెంట్ మొదటి డోసు వేస్తారు.